జాంబవంతుడు గుర్తుచేసిన బలం: మోకాలి దెబ్బకి యోగం ఎలా తోడవుతుంది?

 

ఈ వారం మోకాలి గురించి మాట్లాడుకుందాం. భక్తి ఛానెల్‌లో మోకాలి గోల ఏంటి అనుకోకండి. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల నుంచి బెంగళూరుకో హైదరాబాదుకో ఉద్యోగాలకి వెళ్లిన మన వయసు వాళ్లని చూడండి. వారమంతా కుర్చీలో కూర్చుంటారు, ఆదివారం ఒక్కసారిగా క్రికెట్ గ్రౌండ్‌లోకో షటిల్ కోర్టులోకో దిగుతారు. పాదం నేల మీదే ఉండిపోతుంది, ఒళ్లు తిరిగిపోతుంది, మధ్యలో మోకాలు మెలిపడుతుంది. ఇక అక్కడి నుంచి రెండు ప్రశ్నలు. ఆసనాలు వేస్తే తగ్గిపోతుందా? మఠం వేసుకుని కూర్చోలేనివాడు కుర్చీలో కూర్చుని పూజ చేస్తే దోషమా?

రెండిటికీ జవాబు ఆంజనేయుడి దగ్గరే వెతుకుదాం.

కిష్కింధ కాండ చివర్లో వానరులందరూ సముద్రం ఒడ్డున కూలబడ్డారు. ముందు నూరు యోజనాల నీళ్లు. ఎవరెంత దూకగలరో చెప్పుకుంటున్నారు. జాంబవంతుడి వంతు వచ్చింది. వామనుడు త్రివిక్రముడై పెరిగినప్పుడు ఆయన చుట్టూ ప్రదక్షిణ చేసిన వాణ్ణి, ఇప్పుడు తొంభై యోజనాలే దూకగలను అన్నాడు. ఆ ప్రదక్షిణలో మేరు పర్వతం తగిలి ఆయన కాలు దెబ్బతిందని కూడా ఒక కథ చెబుతారు. మరి ఆయనేం చేశాడు? ఒక పక్కన మౌనంగా కూర్చున్న హనుమ దగ్గరికి వెళ్లి, ఆయన పుట్టుక కథంతా గుర్తు చేశాడు.

ఆ కథలో ఏముంది? పసివాడు సూర్యుణ్ణి చూసి పండనుకుని ఎగిరాడు. ఇంద్రుడి వజ్రం తగిలి ఎడమ దవడ విరిగింది. 'హను' అంటే దవడ. ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. మనం బలం కోసం రోజూ తలుచుకునే పేరు ఒక గాయం వల్ల వచ్చిన పేరు! దెబ్బ తగలడం శాపమూ కాదు, సిగ్గుపడాల్సిన విషయమూ కాదు.

ఇంకో మాట. హనుమ బలం ఎక్కడికీ పోలేదు. మునుల శాపం వల్ల ఆయన దాన్ని మర్చిపోయాడు, అంతే. మోకాలికి దెబ్బ తగిలినప్పుడు మన ఒంట్లోనూ దాదాపు ఇదే జరుగుతుంది. కీలు వాచగానే అక్కడి నరాలు పంపే సంకేతాలు తొడ ముందు కండరాన్ని అణిచేస్తాయి. మనం బిగించాలనుకున్నా అది పూర్తిగా బిగుసుకోదు. డాక్టర్లు దీన్ని ఆర్థ్రోజెనిక్ మజిల్ ఇన్హిబిషన్ అంటారు. మన సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే హార్డ్‌వేర్ బాగానే ఉంది, డ్రైవరే లోడ్ అవ్వట్లేదు. కొన్ని వారాల్లోనే తొడ సన్నబడిపోతుంది. వాపు తగ్గినా మోకాలు జారుతున్నట్టు అనిపించడానికి ఇదీ ఒక కారణం. అందుకే ఫిజియోథెరపీలో మొదటి పని ఆ కండరానికి దాని బలాన్ని గుర్తు చేయడం. అంటే జాంబవంతుడి పని!

అయితే దానికంటే ముందు ఇంకొకరు ఉన్నారు. యుద్ధ కాండలో లక్ష్మణుడు పడిపోయినప్పుడు సుషేణుడు ముందు ఆయన్ని పరీక్షగా చూశాడు. ప్రాణం ఉందని రాముడికి ధైర్యం చెప్పి, ఏ ఓషధులు కావాలో హనుమకి చెప్పాడు. అంతటి హనుమ కూడా వైద్యుడు చెప్పాకే కొండకి బయల్దేరాడు. మనమూ అంతే. దెబ్బ తగిలినప్పుడు లోపల 'టప్' మని శబ్దం వచ్చినా, కాసేపట్లోనే బాగా వాచినా, కాలు మీద బరువు మోపలేకపోయినా, మోకాలు మధ్యలో ఇరుక్కుపోయినా వెంటనే ఎముకల డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. పూర్తిగా తెగిపోయిన ఏసీఎల్‌ని ఏ ఆసనమూ అతికించలేదు. సర్జరీ అవసరమా కాదా అన్నది పరీక్ష చేసి, కావాలంటే ఎంఆర్ఐ తీసి, డాక్టరే చెప్పాలి. ఆ చికిత్స పక్కన తోడు నిలబడేదే యోగం.

డాక్టరూ ఫిజియోథెరపిస్టూ సరే అన్నాక ఇలా మొదలుపెట్టొచ్చు. కాళ్లు చాపుకుని కూర్చుని, మోకాలి కింద చుట్టిన టవల్ పెట్టుకోండి. ఊపిరి వదులుతూ మోకాలిని టవల్ మీదకి నొక్కండి. 'శ్రీరామ జయరామ జయజయ రామ' అని ఒకసారి మనసులో అనుకునేంతసేపు పట్టి ఉంచి వదలండి. ఇలా పదిసార్లు. తర్వాత వెల్లకిలా పడుకుని, కాలు వంచకుండా ఒక జానెడు పైకెత్తడం. కొన్నాళ్లకి సేతుబంధాసనం, గోడ పక్కన తాడాసనం. పాదానికి చున్నీ చుట్టి పట్టుకుని సుప్త పాదాంగుష్ఠాసనం. మరుసటి రోజు పొద్దున వాపు గానీ నొప్పి గానీ పెరిగిందంటే నిన్న ఎక్కువ చేశారని అర్థం. తగ్గించండి.

పద్మాసనం, వజ్రాసనం, మలాసనం, గరుడాసనం ఇప్పుడు వద్దు. మోకాలు ముఖ్యంగా తలుపు బందులా మడిచే కీలు. పద్మాసనంలో తిరగాల్సింది తుంటి. కుర్చీలో బిగుసుకుపోయిన తుంటి తిరగకపోతే ఆ మెలి అంతా మోకాలి మీద పడుతుంది. హనుమ లంఘనం పేరు పెట్టుకున్న హనుమానాసనమైతే అసలే వద్దు. ఆయన దూకింది గుర్తొచ్చాక కదా!

వేంపల్లె దగ్గర పాపాఘ్ని నది కొండల్ని చీల్చుకుని వచ్చే చోట మన గండి వీరాంజనేయస్వామి ఉన్నాడు. శ్రావణ శనివారాల్లో ఎంత జనం వస్తారో మన జిల్లా వాళ్లకి చెప్పక్కర్లేదు. వాయుదేవుడు తపస్సు చేసిన చోటు అది. లంక నుంచి తిరిగొస్తూ రాముడే బాణం మొనతో బండ మీద స్వామి రూపం గీశాడని స్థలపురాణం. చిటికెన వేలు ఒక్కటి పూర్తి కాలేదట. తర్వాత ఎవరో దాన్ని పూర్తి చేద్దామని ఉలి తాకిస్తే రక్తం వచ్చిందట. ఇందులో మనకొక మాట ఉంది. పూర్తికాని రూపానికే మనం ఇన్నాళ్లుగా దండం పెడుతున్నాం. పూర్తిగా వంగని మోకాలితో దండం పెట్టినా స్వామి తీసుకుంటాడు. దాన్ని బలవంతంగా వంచబోతేనే రక్తం.

కుర్చీ సంగతి కూడా తేల్చేద్దాం. ఆసనం స్థిరంగా, సుఖంగా ఉండాలన్నదే పతంజలి చెప్పిన లక్షణం. కాళ్లు ఎలా మడవాలో ఆ మాటలో లేదు. చిన్నప్పుడు జబ్బులతో నలిగిపోయిన బి.కె.ఎస్. అయ్యంగార్ గారు బెల్టులు, చెక్క దిమ్మలు, కుర్చీలు వాడి ఎందరితోనో ఆసనాలు వేయించారు. కాబట్టి అమ్మ సత్యనారాయణ వ్రతానికి పిలిస్తే మోకాలు సాకు చెప్పి మానేయకండి. కుర్చీ వేసుకుని, వెన్ను నిటారుగా పెట్టి కూర్చోండి. నొప్పితో పళ్లు బిగించి నేల మీద కూర్చున్నవాడి ధ్యాస దేవుడి మీద ఉండదు, మోకాలి మీదే ఉంటుంది.

ఇది వారంలో తేలే పని కాదు. ఏసీఎల్ సర్జరీ అయినవాళ్లు మళ్లీ ఆటలోకి దిగడానికి సాధారణంగా తొమ్మిది నెలలో, ఇంకా ఎక్కువో పడుతుంది. స్నేహితులు మ్యాచ్ ఫోటోలు పెడుతుంటే మనం టవల్ నొక్కుతూ కూర్చోవడం కష్టమే. మనసు నిలవదని అర్జునుడు అడిగితే కృష్ణుడు చెప్పినవి రెండే: అభ్యాసం, వైరాగ్యం. రోజూ చేయడం అభ్యాసం. ఈ రోజే ఫలితం కనబడాలని పట్టుబట్టకపోవడం వైరాగ్యం. హనుమాన్ దీక్షకి మండలం రోజులు నియమంగా ఉండగలిగిన మనం, మోకాలికీ అలాంటి నియమం ఒకటి పెట్టుకోగలం.

ఇంత చేసినా కొందరికి కాలు మునుపటిలా కాకపోవచ్చు. అప్పుడు జాంబవంతుణ్ణి తలుచుకోండి. తాను దూకలేకపోయినా, దూకగలవాణ్ణి లేపాడు. సుందర కాండ మొదలయ్యింది ఆయన మాటతోనే.

జై హనుమాన్!