గరుడదర్శనము - గుర్తెరుగుట

ఆలయశిఖరముపై గద్ద యొకటి చుట్టు తిరిగినంతనే "గరుత్మంతుడు, గరుత్మంతుడు" అని చెంపలు వేసికొనువారు మనలో పెక్కుమంది. అది నిజముగా గరుడపక్షియా, సామాన్యమైన గద్దయా అని నిలిచి చూచువారు అరుదు. చూడబోయినచో "భావము ముఖ్యము గాని పరీక్ష యెందులకు? భక్తునకు శంక తగునా?" అని మందలించు పెద్దలును కలరు. ఈ మాట వినుటకు ఇంపుగానే యున్నది. అయినను విచారింపదగినది.

గరుడపక్షికి తల, మెడ, రొమ్ము తెలుపు. తక్కిన మేను ఇటుకవన్నె. రెక్కల కొనలు నలుపు. తోక చివర గుండ్రన. చెరువులు, వరిచేలు, సముద్రతీరము దాని సంచారభూములు. సామాన్యమైన గద్ద మేనంతయు మట్టివన్నె. తోక నడుమ చీలిక. అయితే తోక విప్పార్చి మలుపు తిరుగునపుడు ఆ చీలిక కానరాకపోవచ్చును. కావున ఒక్క చూపుతో నిర్ణయింపరాదు. అది మరల మరల తిరిగి వచ్చువరకు ఓపికతో కనిపెట్టవలెను. ఇంటి చెట్ల గుబురులలో దాగి తొండలను, చిన్న పక్షులను పట్టు జాలెడేగ వేరొకటి. అది పావురమంతటిది; రొమ్మున అడ్డచారలుండును. అమరసింహుడు చిల్లమును, శ్యేనమును, గృధ్రమును వేరువేరుగనే చెప్పెను. అమరము వల్లించిన పిల్లలు పదములు నేర్తురు గాని ఆకాశము వంక చూడరు. అది వేరొక సంగతి.

ఇందు ముఖ్యముగ తెలియదగిన దొకటి కలదు. గరుడపక్షి పిల్లకు పుట్టుకతో తెల్లని రొమ్ముండదు. మొదటి యేడు మేనంతయు మట్టివన్నెతో గద్దవలెనే యుండును. మూడవ యేటికి గాని పూర్తివన్నె రాదు. గుండ్రని తోకయే దాని గుర్తు. కోడిపిల్లల నెత్తుకొనిపోవునేమో యని రాయి విసరు చేయి, తల్లికి మ్రొక్కి, దాని బిడ్డనే కొట్టుచుండవచ్చును. భావము ముఖ్యమనువారు దీనికేమి సమాధానము చెప్పుదురు? శంక వేరు, గుర్తెరుగు కోరిక వేరు. శంకించువాడు చూచుట మానివేయును. గుర్తెరుగగోరువాడు చూచుచునే యుండును.

జటాయువు గరుడుని యన్న యగు అరుణుని కుమారుడు. పంచవటికి పోవు త్రోవలో అతని మహాకాయమును చూచి రామలక్ష్మణులు రాక్షసుడని తలచిరి. అయినను బాణము విడువక, ఎవ్వడవని యడిగిరి. అడిగినందుననే దశరథుని మిత్రుడని తెలిసినది. సీతాపహరణానంతరము, నెత్తుట తడిసి పడియున్న అతనినే చూచి, సీతను భక్షించిన రాక్షసుడని రాముడు దుఃఖావేశమున విల్లెక్కుపెట్టెను. జటాయువు చెప్పినది విన్న పిదపనే విల్లు విడిచి కౌగిలించుకొనెను, స్వహస్తములతో దహనసంస్కారము గావించెను. ఎరిగిన పక్షినే శోకము మరపించినదన్నచో, ఎన్నడును తేరిపార చూడని వారి మాట చెప్పనేల?

ఆ జటాయువు జాతివే రాబందులు. ఒకప్పుడు పశువు చచ్చిన చోట గుంపులుగా వ్రాలుచుండెడివి. 1990వ దశకమున అవి దేశమంతట మాయమగుచుండగా, జటాయుమోక్షఘట్టమును కన్నీటితో పారాయణము చేయు ఇండ్లలో ఎందరు గమనించిరి? రాజస్థానమున భరత్‌పూర్‌లో విభు ప్రకాశ్ అను శాస్త్రజ్ఞుడు 1980వ దశకముననే వాని గూళ్లను లెక్కించి వ్రాసి యుంచెను. తరువాతి దశకమున మరల లెక్కింపగా గూళ్లు తరిగిపోయి యుండెను. ఉన్న పక్షులు మెడలు వ్రేలవైచి కొమ్మలపై కూర్చుండెడివి. పశువులకిచ్చు డైక్లోఫెనాక్ అను నొప్పిమందు కళేబరముల ద్వారా వాని కడుపున చేరి మూత్రపిండములను చెరచుచున్నదని పిమ్మట తేలినది. 2006లో ప్రభుత్వము పశువైద్యమున ఆ మందును నిషేధించినది. అప్పటికే నూటికి 90కి పైగా పోయినవి.