పక్కింటి గోడకు చెమ్మ

ఖరగ్‌పూర్ ఎర్రనేల మీద వెలిసిన రైల్వే ఊరు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో ఉత్తరాంధ్ర నుంచి పనికి వెళ్ళిన కుటుంబాలు తరతరాలుగా అక్కడే ఉండిపోయాయి. ఝపటాపూర్ సందుల్లో ఈనాటికీ తెలుగు వినిపిస్తుంది. అక్కడ వానలు గట్టిగానే పడతాయి, అందులో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే. మొరం నేల నీటిని చప్పున పీల్చుకుంటుంది. అడుగున బంకమట్టి తగిలితే మాత్రం ఆ నీరు పక్కకు పాకి ఏదో ఒక పునాదిని వెతుక్కుంటుంది.

అలాంటి చోట సెల్లార్ తవ్వేవాళ్ళు అరుదు. అయినా రోడ్డు మీద రోడ్డు వేసి ఎత్తు పెంచుకుంటూ పోతే పాత ఇంటి కింది గది దానంతటదే సగం సెల్లార్ అయిపోతుంది. గోడ అడుగున ముందు చెమ్మ గీత కనిపిస్తుంది. ఇటుక పీల్చిన నీరు పైకెక్కి ఆరిపోతుంటే అందులోని ఉప్పు తెల్లగా పొంగి, సున్నం పొరలు పొరలుగా రాలుతుంది. గోడకు చవుడు పట్టిందంటారు. లోపలి వైపు ఎంత ఖరీదైన వాటర్‌ప్రూఫ్ పూత పూసినా అది ఎక్కువ కాలం నిలవదు, ఎందుకంటే మీటరు లోతున నీటి ఒత్తిడి గోడ మీద చదరపు మీటరుకు దాదాపు టన్ను బరువంత ఉంటుంది. సరైన పని బయట జరగాలి. పునాది దాకా తవ్వి, గోడకు తారు పొర వేసి, కంకర మధ్య గొట్టం పెట్టి నీటికి దారి చూపాలి.

ఆ దారి ఎవరి గడప వైపు?

ధర్మసందేహం ఇక్కడే మొదలవుతుంది. కొత్తగా కట్టేవారు బేస్‌మెంట్ మూడడుగులు లేపి, మొరం నింపి, వాస్తు ప్రకారం వాలు ఈశాన్యానికి ఇస్తారు. ఈశాన్యాన పాత పెంకుటిల్లు ఉంటే ఆ వాననీరంతా దాని గోడకే చేరుతుంది. గృహప్రవేశం నాడు కలశంలోకి వరుణుణ్ణి ఆవాహన చేసిన ఇల్లే, తొలి వానకు అదే నీటిని పొరుగింటి మీదికి తోలేస్తుంది. ఆ ఇంటికి శుభం కలిగిందని ఏ పురోహితుడు మాత్రం నిబ్బరంగా చెప్పగలడు?

పూర్వులు ఈ చిక్కును పట్టించుకోకపోలేదు. కౌటిల్యుడి అర్థశాస్త్రం మూడో అధికరణంలో ఇళ్ళ గురించి చెబుతూ, నీటి కాలువ పక్కింటి గోడకు కనీసం మూడు పాదాల ఎడంగా, తగినంత వాలుతో ఉండాలంటుంది. తప్పితే 54 పణాల జరిమానా. వాననీటి సహజ ప్రవాహాన్ని మార్చి పొరుగువాడికి నష్టం తెచ్చినవాణ్ణి రోమన్ చట్టం కోర్టుకీడ్చింది. మన 1882 నాటి ఈజ్‌మెంట్స్ చట్టం ఎగువ నేల మీద పడిన నీరు సహజంగా దిగువకు పారే హక్కును ఒప్పుకుంది. సహజంగా అన్న ఆ మాటే కీలకం. మొరం పోసి కృత్రిమంగా లేపిన వాలుకు ఆ హక్కు వర్తించదు.

వాస్తు పుస్తకాలు దిక్కు గురించి పేజీలకు పేజీలు రాస్తాయి. ఆ దిక్కున ఎవరుంటున్నారన్నది కూడా అంత శ్రద్ధగా చూడాల్సిన సంగతే. ప్లాను గీసే రోజునే మేస్త్రీని వెంటబెట్టుకుని పొరుగింటి గోడ దాకా నడిచి, వాళ్ళ అరుగు ఎత్తు కొలిచి, రెండిళ్ళ నీరూ మునిసిపాలిటీ కాలువలోకి పోయేలా ఉమ్మడిగా ఒక గొట్టం వేసుకుంటే ఖర్చు పెద్దగా పెరగదు. పునాది లేచాక ఆ పని చేయాలంటే మాత్రం గచ్చు పగలగొట్టాలి.