ఆటా? పనా? - ఒక దాయాది పోరుకు ముందు

పోటీకి ముందు లోకం వేసే ప్రశ్న ఒక్కటే: ఎవరు గెలుస్తారు? పోటీ ముగిశాక వేసేదీ ఒక్కటే: ఎవరు గెలిచారు? ఈ రెండింటి నడుమ ఎవరూ అడగని ప్రశ్న మరొకటి వుంది. మైదానంలో వున్నవాడు చేస్తున్నది ఆటా, పనా? పైకి ఇది మాటల తగాదాలా కనిపిస్తుంది. కాని ఒక మనిషికి మనం పెట్టిన పేరును బట్టే అతనికి మనం పడిన బాకీ నిర్ణయమవుతుంది. కూలివాడంటే కూలి ఇవ్వాలి. "మా ఇంటి మనిషి" అంటే అన్నం పెట్టి వూరుకోవచ్చు. ఈ సంగతి మన పల్లెటూళ్ళ పాలేళ్ళకు ఎవరూ చెప్పనక్కరలేదు.

ఈ ప్రశ్న నాకు అనుకోని చోటునుంచి ఎదురయింది. అమెరికాలో, కొలంబస్ నగరంలో చదువుకుంటున్న మా పాత విద్యార్థి ఒకడు ఫోను చేసి, "మాస్టారూ, ఈ వారం మా యూనివర్సిటీలో 'ఎమ్' అక్షరం కనిపించదండీ. బోర్డుమీద ఎమ్ వుంటే చాలు, ఎర్ర టేపు అతికించేస్తున్నారు. శనివారం మిషిగన్‌తో పోటీ. ఎవరు గెలుస్తారంటారు?" అన్నాడు. అతనికి జవాబు చెప్పటానికని చదవటం మొదలుపెట్టాను. చదివినకొద్దీ జవాబు దొరకలేదు సరికదా, ప్రశ్నే మారిపోయింది.

ముందు ఆట సంగతి. ఫుట్‌బాల్ అంటే మనకు తెలిసింది కాలితో తన్నే బంతాట. అమెరికాలో ఆ పేరుతో ఆడేది వేరు. కోలగా వుండే బంతిని చేతపట్టుకు పరుగెత్తో, విసిరి అందుకునో అవతలి హద్దు దాటించాలి. పక్షానికి 11 మంది. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు పోలేకపోతే బంతి ఎదటివాళ్ళ పరమవుతుంది. ఒక్కమాటలో చెప్పాలంటే ఇది నేల కోసం పోరు. కళాశాలల మధ్య ఇలాంటి మొదటి పోటీ 1869 నవంబరు 6న ప్రిన్స్‌టన్, రట్గర్స్ విద్యార్థుల మధ్య జరిగిందని లెక్క. ఒహాయో స్టేట్, మిషిగన్ విశ్వవిద్యాలయాలు మొదటిసారి తలపడింది 1897లో. 1918 నుంచి, కోవిడ్ వచ్చిన 2020 తప్ప, ఏటా తలపడుతూనే వున్నాయి. 1935 నుంచీ దాదాపు ప్రతి ఏడూ సీజనుకు ఇదే ఆఖరి పోటీ. ఒక ఏడు కొలంబస్‌లో, ఒక ఏడు ఆన్ ఆర్బర్‌లో. కొలంబస్ స్టేడియంలో 1,02,780 మంది పడతారు. ఆన్ ఆర్బర్‌లో 1,07,601 మంది. నవంబరు చివరి చలిలో ఆ గాలరీలన్నీ నిండిపోతాయి. ఒహాయో వీరాభిమాని మిషిగన్ పేరు నోట పలకడు, "ఉత్తరాన వున్న ఆ జట్టు" అంటాడు. రాత్రిపూట పామును పామనకుండా పురుగు అనే మన పెద్దవాళ్ళు గుర్తుకొస్తారు.

ఇంతకీ గెలుపెవరిది? 2021 నుంచి 2024 దాకా వరసగా నాలుగుసార్లు మిషిగన్ గెలిచింది. 2025లో ఒహాయో స్టేట్ 27-9తో ఆ వరస తెంచింది. కాని ఈ అంకెలు చూసి జోస్యం చెప్పబోయేవాడు 2024ను తలుచుకోవాలి. ఆ ఏడు దేశం మొత్తంమీద రెండో స్థానంలో వున్న ఒహాయో స్టేట్, ఏ స్థానమూ లేని మిషిగన్ చేతిలో, సొంత మైదానంలో 13-10తో ఓడింది. మిషిగన్ గెలిచింది బంతి దూరంగా విసిరి కాదు. ముందువరస మనుషులు దారి తొలిస్తే ఆ దారిన పరుగెత్తి. పత్రికలు బంతి విసిరే క్వార్టర్‌బాక్ గురించి పేజీలు నింపుతాయి. ఈ పోటీని తరచు తేల్చేది మాత్రం బంతి చేతికి రాని లైన్‌మన్. నూట నలభై కిలోల మనిషి, ఎత్తుకు ఎత్తుకూ తనంతటివాణ్ణి ఢీకొట్టటమే అతని పని. రాబోయే శనివారం కూడా ముందువరసలో ఎవరు వెనక్కు తగ్గరో వాళ్ళదే గెలుపు. జోస్యంగా ఇంతకన్న చెప్పలేను.

మన మిత్రుల్లో కొందరికి ఇదంతా చిరాకు కలిగిస్తుంది. "జనం దృష్టి మళ్ళించటానికి పెట్టుబడిదారీ వ్యవస్థ వేసే మత్తుమందు" అని ఒక్క మాటతో తోసేస్తారు. ఈ మాటలో కొంత నిజం లేకపోలేదు. కాని సగం నిజంతో తృప్తిపడటం విమర్శ కాదు. 2024లో ఓడిన ఆ ఒహాయో స్టేట్, రెండు నెలలు తిరక్కుండా 2025 జనవరిలో జాతీయ విజేత అయింది. అయినా మిషిగన్ చేతిలో ఓడిన బాధ తీరలేదన్నవాళ్ళు ఎందరో వున్నారు. సరుకుల లోకంలో ప్రతిదానికీ మారకం వుంటుంది. ఈ గెలుపుకు మారకం లేదు. ఎంత పెద్ద కప్పయినా దీనికి బదులు కాదు. మారకానికి లొంగని ఆనందం ప్రజల దగ్గర ఇంకా మిగిలి వుందంటే, దాన్ని చిన్నచూపు చూడటం అభ్యుదయం కాదు.

పైగా ఈ వైరం ఎలాంటి మనుషుల మధ్య వైరమో చూడాలి. ఈ రెండు సీమలూ ఒకప్పుడు నిజంగానే సరిహద్దు తగాదా పడ్డాయి. 1835లో టొలీడో వూరు ఎవరిదన్న పేచీతో రెండు వైపులా సాయుధ దళాలు కదిలాయి. చంపుకోవటం దాకా పోలేదు. టొలీడో ఒహాయోకు దక్కింది. మిషిగన్‌కు బదులుగా ఉత్తర ద్వీపకల్పం వచ్చింది. తర్వాత వందేళ్ళలోపే ఆ నేలమీద మోటారు కార్ల పరిశ్రమ లేచింది. 1934లో అదే టొలీడోలో ఆటో-లైట్ కార్మికులు సమ్మె చేస్తే సైనిక దళాల కాల్పుల్లో ఇద్దరు చనిపోయారు. 1936 డిసెంబరు చివర మిషిగన్‌లోని ఫ్లింట్ కార్మికులు జనరల్ మోటార్స్ ఫాక్టరీల్లోనే కూర్చొని, 44 రోజులు కదలక, తమ యూనియన్‌ను గుర్తింపజేసుకున్నారు. 2023 సెప్టెంబరు 15న యునైటెడ్ ఆటో వర్కర్స్ సమ్మె మొదలుపెట్టినప్పుడు, తొలిరోజు బయటికి వచ్చిన మూడు ఫాక్టరీల్లో ఒకటి మిషిగన్‌లోని వెయిన్‌ది, ఒకటి ఒహాయోలోని టొలీడోది. నవంబరులో కార్మికులు కొత్త ఒప్పందాలను ఆమోదించారు. అదే నెల 25న ఆన్ ఆర్బర్‌లో మిషిగన్ 30-24తో ఒహాయో స్టేట్‌ను ఓడించింది.

అంటే, గేటు దగ్గర ఒక జెండా కింద నిలబడ్డ కార్మికులే శనివారంనాడు రెండు రంగులుగా విడిపోయి ఒకరి జట్టును ఒకరు తిట్టుకోగలరు. సోమవారం మళ్ళీ కలవగలరు. మన భాషలో దీనికి మంచి మాట వుంది: దాయాది. పరాయివాడు దాయాది కాలేడు. పంచుకోవటానికి ఒక సొత్తు వున్నవాళ్ళే దాయాదులు. కలవగల శక్తి వున్నచోట పోటీ పడటం ఆట అవుతుంది. ఆ శక్తి లేనిచోట పగ అవుతుంది. 2024 పోటీ అయిపోగానే కొలంబస్ మైదానం నడుమ మిషిగన్ వాళ్ళు తమ జెండా పాతబోతే, రెండు జట్లూ కొట్టుకోగా, పోలీసులు కళ్ళల్లో మిరియాల మందు చల్లి విడదీశారు. కార్మికులు దాటనేర్చిన గట్టు ఆటగాళ్ళెందుకు దాటలేకపోయారు? కుర్రతనం వుంది, నిజమే. అంతకన్న లోతైన కారణం ఒకటి వుంది. గాలరీలోని కార్మికుడికి యూనియన్ వుంది. మైదానంలోని కుర్రవాడికి లేదు. అతన్ని కార్మికుడని ఎవరూ ఒప్పుకోలేదు కనక.

ఒప్పుకోకపోవటం యాదృచ్ఛికంగా జరిగింది కాదు. 1955లో కొలరాడోలోని ఫోర్ట్ లూయిస్ కాలేజీ ఆటగాడు ఒకడు ఆటలో తలకు దెబ్బతగిలి చనిపోయాడు. పనిలో చనిపోయినవాడి భార్యకు వచ్చే పరిహారం తనకూ ఇమ్మని ఆయన భార్య అడిగింది. 1957లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు కాదన్నది. కాలేజీ ఫుట్‌బాల్ వ్యాపారం చెయ్యటం లేదన్నది కోర్టు చెప్పిన కారణం. ఆ రోజుల్లోనే కళాశాలల క్రీడాసంఘం ఒక కొత్త మాటను ప్రచారంలో పెట్టింది: "విద్యార్థి-క్రీడాకారుడు". ఆ సంఘాన్ని 1951 నుంచి మూడున్నర దశాబ్దాలకు పైగా నడిపిన వాల్టర్ బయర్స్, ఆటగాళ్ళను వుద్యోగులుగా గుర్తిస్తారేమోనన్న భయంతోనే ఆ మాట పుట్టించామని 1995లో తన పుస్తకంలో స్వయంగా ఒప్పుకున్నాడు. భాష చదువుకున్నవాడిగా నేను ఇక్కడ ఆగక తప్పదు. సమాసం అంటే రెండు అర్థాలను కలిపేది. ఈ సమాసం మూడో అర్థాన్ని దాచటానికి పుట్టింది. మనకిది కొత్తా? గంటల లెక్కన పాఠం చెప్పే అధ్యాపకుడికి ఇచ్చేదాన్ని "గౌరవ వేతనం" అంటారు. వేతనం తగ్గినచోటనే గౌరవం ముందుకొచ్చి నిలబడుతుంది.

"ఆట ప్రేమ కోసం ఆడాలి, డబ్బుతో చెడుతుంది" అనే వాదం వుంది. ఇది వినటానికి పవిత్రంగా వుంటుంది. దాని పుట్టుక చూడండి. 1879లో ఇంగ్లండులోని హెన్లీ పడవ పందాలవారు అమెచ్యూర్ అంటే ఎవరో నిర్వచిస్తూ, కూలికి పనిచేసే మెకానిక్కులు, చేతిపనివాళ్ళు, శ్రామికులు అమెచ్యూర్లు కారని రాసుకున్నారు. అంటే పవిత్రత పేరుతో మొదట బయటికి నెట్టింది డబ్బును కాదు, పనిచేసే మనిషిని. ఇక ప్రేమ మాట. నేతగాడికి తన అంచు మీద ప్రేమ వుంటుంది. నాకు పాఠం చెప్పటం మీద ప్రేమ వుంది. ఆ ప్రేమను సాక్ష్యంగా చూపించి మా కూలి ఎగ్గొట్టటం న్యాయమా? పనిని ప్రేమించగలగటం మనిషి గొప్పతనం. ఆ గొప్పతనం యజమానికి రాయితీ కారాదు.

ఆటగాళ్ళు ఊరుకున్నారా? లేదు. 2014 మార్చిలో నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయం ఆటగాళ్ళు వుద్యోగులేనని, యూనియన్ పెట్టుకోవచ్చని కార్మిక సంబంధాల బోర్డు ప్రాంతీయాధికారి తీర్పు చెప్పాడు. ఏప్రిల్‌లో వాళ్ళు వోట్లు కూడా వేశారు. 2015 ఆగస్టులో పై బోర్డు, ఈ విషయంలో తాను కలగజేసుకోనన్నది. ఆ వోట్లు లెక్కపెట్టనే లేదు. ఈలోగా ఏమయింది? 2014లోనే ఒహాయో శాసనసభ, మిషిగన్ శాసనసభ, రెండూ తమ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల ఆటగాళ్ళకు వుద్యోగుల హక్కులు అందకుండా చట్టాలు ఆమోదించాయి. ఒకరి అక్షరం మీద ఒకరు టేపు అతికించుకునే రెండు రాష్ట్రాల పాలకులు ఈ ఒక్క విషయంలో ఏకమయ్యారు. దాయాదుల ఐక్యత పైన సాధ్యమయింది, కింద సాధ్యం కాకుండా చెయ్యటానికి.

"అది పాతమాట, ఇప్పుడు డబ్బు వస్తోందిగా" అనవచ్చు. నిజమే. 2021 జూన్‌లో అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తులూ ఏకగ్రీవంగా, చదువుకు సంబంధించిన ప్రయోజనాల మీద క్రీడాసంఘం పెట్టిన హద్దులు చెల్లవన్నారు. ఆ జులై నుంచి ఆటగాళ్ళు తమ పేరూ బొమ్మా అమ్ముకోవచ్చు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన రాజీ ప్రకారం, 2025-26లో ఒక్కొక్క విశ్వవిద్యాలయం తన క్రీడాకారులకు సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్ల దాకా నేరుగా పంచవచ్చు. ఇది చిన్న విజయం కాదు. కాని ధర వేరు, హక్కు వేరు. బజారు ఒక క్వార్టర్‌బాక్‌కు లక్షలు కట్టగలదు; బంతి ముట్టని లైన్‌మన్‌కు అందులో ఎంత అన్నది కట్టేవాడి ఇష్టం. బేరం ఒక్కొక్కడు విడివిడిగా ఆడుకోవాలి. ఎన్నిరోజులు సాధన చెయ్యాలి, ఎన్ని దెబ్బలకు ఆపాలి, ఆట ముగిసిన ఇరవై ఏళ్ళ తర్వాత వైద్యం ఎవరు చూడాలి - ఇవి ఏ బొమ్మ అమ్మకంలోనూ తేలేవి కావు. 2017లో బోస్టన్ పరిశోధకులు, చనిపోయాక దానంగా అందిన ఆటగాళ్ళ మెదళ్ళు పరీక్షించారు. కళాశాల స్థాయిదాకా ఆడినవాళ్ళవి 53. వాటిలో 48 మెదళ్ళలో పదేపదే తగిలిన దెబ్బలతో వచ్చే మెదడు క్షీణత వ్యాధి లక్షణాలు కనిపించాయి. అనుమానం వున్న కుటుంబాలే ఎక్కువగా దానం చేసి వుంటాయి కనక, ఆటగాళ్ళందరికీ ఈ లెక్క వర్తించదు. వర్తించకపోయినా, ఆ 48 మంది వున్నారు.

పల్నాటి కథలో పందెం కట్టింది నాగమ్మ, బ్రహ్మనాయుడు. కత్తులు కట్టుకొని పోట్లాడింది కోళ్ళు. కారెంపూడిలో నేలకొరిగింది ఇంకెందరో. ఇప్పుడు ఒహాయోలోనూ మిషిగన్‌లోనూ ఈ ఆట మీద పందాలు చట్టసమ్మతం. ఆటగాడు కోడి కాదు, తెలిసి దిగినవాడు, నిజమే. తెలిసి దిగినవాడే కనక అతన్ని అడిగి తీరాలి. కోడిని అడగనక్కరలేదు, మనిషిని అడగకుండా వుండటం నేరం.

అందుచేత మా విద్యార్థికి నేను చెప్పిన జవాబు ఇది: పోటీకి వెళ్ళు. గొంతు పోయేదాకా అరువు. ఎర్రరంగు వేసుకో, సిగ్గుపడకు. కాని బంతి ఎటు పోయిందో చూస్తూనే, ఒక్కొక్క ఎత్తు ముగిశాక ముందువరసలో ఎవడు ఆలస్యంగా లేచాడో కూడా చూడు. అతను మీవాడయినా వాళ్ళవాడయినా సరే. ఆ ఇద్దరు లైన్‌మన్లు ఒకరి చెయ్యి ఒకరు పట్టుకు లేచి, మా పనికి మేమే షరతులు పెడతామని ఒకే బల్ల దగ్గర కూర్చున్న రోజున ఆ పోటీ నిజంగా ఆట అవుతుంది. అప్పటిదాకా ఏ శనివారం ఎవరు గెలిచినా, ఆ బాకీ మాత్రం తీరదు.