జీతము గుట్టా, ప్రజల లెక్కయా?

ఆడువారి వయస్సును, మగవారి జీతమును అడుగరాదని మన పెద్దలు చెప్పుచుందురు. ఇంటి గుట్టు లంకకు చేటనియు సామెత కలదు. జీతమనునది మనుష్యుని కష్టమునకు ఫలము; దానిని నలుగురిలో లెక్కించుట మర్యాద కాదను భావము మనలో నాటుకొనియున్నది. అయితే ఆ జీతము ఏ వర్తకుని పెట్టెనుండియో గాక, ఇంటిపన్నును నీటిపన్నును చెల్లించు పురప్రజల సొమ్మునుండి వచ్చునప్పుడు ఈ మర్యాద నిలుచునా? ఇచ్చువానికి తాను ఎవరికెంత ఇచ్చుచున్నాడో తెలిసికొను అధికారము లేదా? పుచ్చుకొనువానికి తన గౌరవమును కాపాడుకొను హక్కు లేదా? ఈ రెండు ధర్మముల నడుమ గీత ఎచ్చట గీయవలెనన్నదే ఇచ్చట విచారింపదలచిన ప్రశ్న.

అమెరికా దేశపు నగరములు కొన్ని దీనికి ఆచరణలో సమాధానము నిచ్చినవి. చికాగో నగరపాలకులు తమ ఉద్యోగుల పట్టికను అంతర్జాలమున ఎవరైనను చూచునట్లు ఉంచినారు. ఒక్కొక్క ఉద్యోగికి ఒక్కొక్క వరుస. అందు పేరు, హోదా, శాఖ, పూర్తికాలపు పనియా కాదా, సాలుసరి జీతమా గంటల కూలియా, సాలుకైన ఎంత, గంటకైన ఎంత అను గడులు కలవు. న్యూయార్కు నగరపు పట్టిక ఇంతకంటె విపులమైనది. జూలై 1న మొదలై జూన్ 30న ముగియు ఆర్థిక సంవత్సరము ననుసరించి, 2014వ సంవత్సరపు లెక్క మొదలుకొని అది లభించుచున్నది. పేరు, శాఖ, హోదాలతో పాటు ఉద్యోగమున చేరిన తేదీ, పనిచేయు ప్రాంతము, మూలవేతనము, ఆ వేతనము ఏడాదికా, దినమునకా, గంటకా అనునది, చేసిన గంటలు, వాటికి చెల్లించిన సొమ్ము, అదనపు గంటలు, వాటికి చెల్లించిన సొమ్ము, ఇతర చెల్లింపులు వేర్వేరు గడులలో నుండును.

చిరకాలము జీతపు బిల్లులు వ్రాసిన గుమాస్తాకు ఈ అమరికలోని అర్థము సులభముగనే బోధపడును. మూలవేతనము మంజూరైన మాట. చెల్లించిన సొమ్ము జరిగిన పని. ఈ రెంటిని ఒకే గడిలో కలిపినచో, శీతకాలపు రాత్రులు మేల్కొని వీధులలోని మంచును తొలగించిన కార్మికుడు ఖజానాను దోచినవానివలె కనబడును. ఏడాది నడుమ పని మానినవాడు అన్యాయముగా తక్కువ జీతము పొందినవానివలె తోచును. గంటకూలిని సాలుసరి జీతమని చదివినవాడు నిష్కారణముగా ఆశ్చర్యపడును. పట్టిక అబద్ధమాడకపోయినను, గడులు సరిగా లేనిచో చదువరి అబద్ధమునే గ్రహించును. కావున విడివిడిగా గడుల నుంచుట లెక్కల నేర్పు మాత్రమే కాదు. అది ఉద్యోగికి చేయు న్యాయము.

గుట్టువలన కలుగు చేటునకు దృష్టాంతము కాలిఫోర్నియా రాష్ట్రమున, లాస్ ఏంజిలిస్ చెంతనున్న బెల్ అను చిన్న పట్టణము. జనసంఖ్య సుమారు 35,000. పెక్కుమంది సామాన్య శ్రమజీవులు. 2010 జూలైలో లాస్ ఏంజిలిస్ టైమ్సు పత్రిక, ఆ పట్టణ నిర్వాహకుడు రాబర్ట్ రిజో సాలుకు 8 లక్షల డాలర్లకు చేరువగా జీతము పొందుచున్నాడని వెల్లడించినది. పురసభ్యులలో పలువురు స్వల్పకాలపు పనికే లక్ష డాలర్లకు దగ్గరగా గైకొనుచుండిరి. పన్ను కట్టువారికి ఇది అంతవరకు తెలియదు. 2014లో రిజోకు 12 ఏండ్ల కారాగారశిక్ష పడినది. ఆ అలజడి చెలరేగిన 2010లోనే రాష్ట్ర లెక్కల అధికారి, నగరములన్నియు తమ జీతముల వివరములను పంపవలెనని ఆదేశించి వాటిని ప్రకటింప నారంభించెను. ఆ పట్టికలో హోదా యుండును గాని పేరుండదు.

పేరుండవలెనా, వలదా? ఓక్లండ్ నగరోద్యోగులను గూర్చిన వ్యాజ్యెమున 2007లో కాలిఫోర్నియా సర్వోన్నత న్యాయస్థానము, ఉద్యోగి పేరును జీతమును గూడ ప్రజలు తెలిసికొనదగినవే యని తీర్పు చెప్పినది. దీనికి ఆక్షేపణ లేకపోలేదు. జీతము తెలిసిన వెంటనే అప్పడుగు బంధువును, ఈర్ష్యపడు పొరుగువాడును ఏ దేశమున లేరు? ఐనను నా బుద్ధికి తోచిన గీత ఇది. జీతపు బిల్లులో రెండు మొత్తములుండును: కోతలకు ముందటిది, చేతికందునది. నడుమ భవిష్యనిధి, సహకార సంఘపు అప్పు, భీమా, కొందరికి కోర్టు జప్తు కూడ నుండును. ఆ నడిమి గడులు ఉద్యోగి ఇంటి కష్టసుఖములను చెప్పును. మొదటి మొత్తము ప్రజలిచ్చినది, గనుక అది ప్రజల లెక్క. తక్కినది అతని ఇంటి గుట్టు. మొదటిదానిని దాచుట ప్రజలకు ద్రోహము. తక్కినదానిని బయట పెట్టుట ఉద్యోగికి అవమానము. న్యూయార్కు పట్టిక కోతలకు ముందటి మొత్తమునే చూపుట సముచితము.

మన దేశమున 2005వ సంవత్సరపు సమాచార హక్కు చట్టములోని 4వ సెక్షను, ప్రతి ప్రభుత్వ సంస్థయు తన అధికారులును ఉద్యోగులును పొందు నెలజీతమును తనంతట తానే ప్రకటింపవలెనని విధించినది. 'తన ఉద్యోగులు' అను మాటయందే చిక్కున్నది. వీధులూడ్చు మనిషి గుత్తేదారుని క్రింద పనిచేసినచో, అతనికి నగరపు జీతపు పట్టికలో వరుస లేదు. అతని కూలి గుత్తేదారుని బిల్లులో ఒక పెద్ద మొత్తమునందు కలిసిపోవును. ఖజానానుండి ఎంత వెడలినదో తెలియును. అతని చేతికెంత వచ్చినదో తెలియదు.

ఇది మనకు పరాయి సంగతి కాదు. బెంగుళూరు పౌరకార్మికులలోను, చెన్నపురి పారిశుద్ధ్య కార్మికులలోను, తరతరముల క్రింద వలసవచ్చిన కుటుంబములలోని తెలుగువారు ఎందరో కలరు. 2025 మే 1న బెంగుళూరులో 12,000కు పైబడిన పౌరకార్మికులకు ఖాయపు ఉద్యోగ పత్రములు లభించినవి. ఆ ఏడాది ఆగస్టులోనే చెన్నపురి రిప్పన్ భవనము ఎదుట, తమ మండలముల పనిని ప్రైవేటు సంస్థకు అప్పగింపవలదని కార్మికులు పలుదినములు కూర్చుండిరి. ఒకచోట పట్టికలో వరుస దొరికినది. వేరొకచోట నగరముతో నున్న సంబంధమే తెగునని భయము కలిగినది.

పై అధికారికి జీతపు పట్టిక కళ్లెము. క్రింది కార్మికునికి అది కవచము. తన పేరిట ఎంత మంజూరైనదో తెలియనిదే, తనకెంత తక్కువ అందినదని అతడెట్లు అడుగగలడు? కావున గుత్తేదారుని బిల్లులోని ప్రతి పనివానికిని పట్టికలో ఒక వరుస యుండవలెను. పేరు వలదన్నచో సంఖ్యయైన చాలును. పని గంటలు, కూలి రేటు, చెల్లించిన సొమ్ము మాత్రము తప్పక యుండవలెను. మన పెద్దలు అడుగరాదన్నది ఒకరి ఇంటి జీతమును. ఊరందరు కలిసి ఇచ్చు జీతమును అడుగుట అమర్యాద కాదు. ఊరిని శుభ్రపరచినవానికి ఆ పట్టికలో చోటు లేకుండ చేయుటయే అమర్యాద.