పిందె రాలితే పాపమెవరిది?

మా కాకినాడలో డాబాల మీద కీరదోస పెంచేవాళ్లు ఎండలు ముదరగానే నా దగ్గరికొస్తారు. నేను వ్యవసాయశాఖలో చేసి రిటైరైనవాణ్ణి, సాయంత్రాలు గుళ్లో గీత చెబుతుంటాను. తెగులైనా ధర్మసందేహమైనా మా అరుగు మీదే తేలాలి. అందరూ అడిగేదొకటే: "బాబాయి గారూ, పాదు ఏపుగా అల్లుకుంది, పూత విరగబూసింది. పిందె ఒక్కటీ నిలవదేం?"

జవాబు కూడా వాళ్లే వెంట తెస్తారు. ఎవరిదో దిష్టి తగిలిందనో, ఎవరో వేలు చూపించారనో, మైలతో ముట్టుకున్నారనో. పందిరికి పాత చెప్పు కట్టేసి మరీ వస్తారు.

దోసపాదుకి మొదట విచ్చేవన్నీ దాదాపు మగపూలే. అవి రాలడం సహజం, దానికి దిగులక్కర్లేదు. ఆడపూలు ఆ తర్వాత వస్తాయి, వాటి కింద బుల్లి పిందె పువ్వు విచ్చకముందే ఉంటుంది. ఆ పువ్వుకున్న గడువు ఇంచుమించు ఒక్క రోజు, అందులోనూ పొద్దుటిపూటే మేలు. దోస పుప్పొడి జిగురుగా ఉంటుంది, గాలికి ఎగరదు. తేనెటీగ మోసుకురావాలి, అదీ ఒకసారి వాలితే చాలదు, మళ్లీ మళ్లీ వాలాలి. రాకపోతే పిందె పసుపెక్కి, ముడుచుకుని రాలిపోతుంది. యూరియా దట్టించినా, ఎండ మండినా మగపూలు పెరిగి ఆడపూలు తగ్గుతాయి. వేడికి పుప్పొడీ చచ్చుబడుతుంది. నాలుగో అంతస్తులో చుట్టూ వల బిగించి, లోపల పురుగుమందు కొట్టే ఇంటికి తేనెటీగ ఎందుకొస్తుంది?

గీత పద్దెనిమిదో అధ్యాయంలో ఏ పనికైనా అయిదు కారణాలు చెబుతాడు కృష్ణుడు: చోటు, చేసేవాడు, పనిముట్లు, రకరకాల ప్రయత్నాలు, అయిదోది దైవం. మనవాళ్లు ఆ అయిదోదాన్ని పట్టుకుని రెండు విధాల పాడుచేశారు. కొందరికది సోమరితనానికి సాకు. కొందరికి కోర్టుబోను: ఫలం రాలేదంటే దైవం శిక్షించినట్టే, కాబట్టి ఎవరో తప్పు చేసే ఉంటారు, వెతకండి! కానీ వెంటనే వచ్చే మాట వేరు. తానొక్కడే కర్తననుకునేవాడు సరిగా చూడనివాడంటాడు. అంటే అయిదో కారణం చేసినవాడి నెత్తిన బరువు దించడానికే ఉంది. మన పని పండటానికి మనది కానిదేదో కలవాలి. తేనెటీగ మన కోసం రాదు, దాని తేనె కోసం అది వస్తుంది.

మరి మగపువ్వు తెంచి మనమే ఆడపువ్వుకి అద్దితే దైవం ఎటు పోయింది అని ఒక కుర్రాడు అడిగాడు. మంచి ప్రశ్నే. తేనెటీగ పని మన చేతిలోకొచ్చిందిగానీ, పుప్పొడిలో జీవం మన చేతిలో లేదు. అద్దడం మానక్కర్లేదు, అద్దినవన్నీ నిలుస్తాయని పంతమూ అక్కర్లేదు.

మృత్యుంజయ మంత్రంలో అడిగేది కూడా దోసపండు సంగతే. పండిన దోస తొడిమ నుంచి తనంతట విడివడ్డట్టు మృత్యువు నుంచి విడిపించమని. రుగ్వేదం ఏడో మండలంలోది. పిందెగా ఉన్నప్పుడే ఊడిపోవడాన్ని ఆ రుషి కోరలేదు. అకాలంలో రాలిన దాన్ని కర్మఫలమని సర్దిచెప్పే పెద్దలు ఆ తేడా గమనించాలి.

ఇదంతా ఎందుకంటే, కిందటేడు ఒకావిడ కోడల్ని వెంటబెట్టుకొచ్చి, "ఈవిడ చేయి పడితే మా పాదు కూడా కాయట్లేదు చూడండి" అంది. పెళ్లై కొన్నేళ్లయినా ఆ అమ్మాయికి పిల్లల్లేరు. పందిరి దగ్గరికెళ్లి చూశాను. ఆడపూలు నిండుగా ఉన్నాయి, ఒక్కోదాని కింద పిందె. పాదు తన వంతు చేసే ఉంది. అందనిది పుప్పొడి. ఆ మాటే ఆవిడకి చెప్పి, మీ అబ్బాయిని డాక్టరుకి చూపించారా అన్నాను. కోపమొచ్చి వెళ్లిపోయింది. అమ్మాయి మాత్రం వెళ్తూ ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది.

పందిరికి కట్టిన చెప్పు తీసేయండి. వల ఒక పక్క విప్పండి, పక్కన నాలుగు బంతిమొక్కలు పెట్టండి, పొద్దున్నే మగపువ్వు తెంచి అద్దండి. ఇంట్లో పిల్లలు కలగకపోతే భార్యాభర్తలిద్దరినీ డాక్టరు దగ్గరికి పంపండి. కోడలి చేతిని మాత్రం పాదు మీద పడనివ్వండి, దానివల్ల ఏ పిందే రాలదు.