పునాది, నిట్టాడు, వెన్నెముక

పర్యాయపదాలంటే ఒకే అర్థం గల మాటలని తరగతిలో చెబుతాం. పరీక్షకు అది చాలు, ఆలోచనకు చాలదు. ఒక కట్టడాన్ని అడుగున ఉండి నిలబెట్టేదానికి తెలుగులో ఎన్ని పేర్లు! పునాది, ఆధారం, ఆలంబనం, కుదురు, చట్రం, నిట్టాడు, ఊత, వెన్నెముక. అన్నీ మోసేవే. అయితే ఆ మోసేది కంటికి కనబడుతుందా, నొప్పి పుడితే చెప్పగలదా, పక్కకు తప్పుకోగలదా అని అడిగితే ఈ మాటలకు ఒకదానితో ఒకటి పొసగదు.

ఖమ్మంలో ఈ జాబితాను నల్లబల్ల మీద రాస్తుంటే, భద్రాచలం అవతలి నుంచి వచ్చిన ఒక కోయ విద్యార్థి లేచి, "మా తాత ఇంటికి పునాది లేదు సార్, గుంజలే" అన్నాడు. తరగతి నవ్వింది. నేనూ నవ్వాను, తర్వాత సిగ్గుపడ్డాను. అడవి అంచున పాత ఇళ్లకు గుంజలు పాతి, వెదురుతడికలు అల్లి, మట్టి మెత్తుతారు. కప్పు బరువు గుంజల మీదా, నడిమి నిట్టాడు మీదా ఉంటుంది. నిట్టాడు రోజూ ఇంటిల్లిపాదికీ కనబడుతుంది. చెద పట్టిందా, కప్పుకు ఊత పెట్టి మార్చుకుంటారు. పునాది సంగతి వేరు. దాన్ని పూడ్చిన తర్వాతే ఇల్లు లేస్తుంది.

అభ్యుదయవాదులమైన మనకు పునాది అనే మాట మీద మమకారం ఎక్కువ. 1859లో మార్క్సు తన అర్థశాస్త్ర విమర్శకు రాసుకున్న ముందుమాటలో పునాది, ఉపరితలం అన్న పోలిక తెచ్చాడు. అక్కడ ఆయన పునాది అన్నది మనుషులను కాదు, వాళ్ల మధ్యనుండే ఉత్పత్తి సంబంధాల మొత్తాన్ని. మనం ఉపన్యాసాల్లో సంబంధాలను వదిలేసి మనుషులను పట్టుకున్నాం. శ్రామికులే సమాజానికి పునాది అంటే చప్పట్లు మోగుతాయి. సంబంధాన్ని మార్చవచ్చు, అందుకే గదా పోరాటం! మనిషిని పునాదిరాయి చేశాక కదలనివ్వరు, కదిలితే భవనం కూలుతుందంటారు. పొగడ్త వేషంలో వచ్చిన శిక్ష ఇది. రైతును వెన్నెముక అనడం కాస్త నయం. వెన్నెముకకు నొప్పి తెలుస్తుంది.

నొప్పి తెలియడమే కాదు, చెప్పగలగాలి కూడా. కొత్తగూడెం భూగర్భ గనుల్లో ఒకప్పుడు పైకప్పుకు చెక్కదిమ్మెలే ఊత. విరిగే ముందు చెక్క చిటచిటమంటుంది. ఆ చప్పుడు విని బయటపడవచ్చునని గనికార్మికులకు దానిమీద నమ్మకం.

మాటలతో ఏమవుతుందంటారా? చట్టం ఉపరితలం మాత్రమేనని మనలో కొందరు తీసిపారేస్తారు. ఏజెన్సీలో చూడండి. 1959 నాటి భూమి బదలాయింపు రెగ్యులేషన్ 1963లో తెలంగాణ ఏజెన్సీకి వర్తించింది. జనం "వన్ ఆఫ్ సెవెంటీ" అనే 1970 సవరణ ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరుల మధ్య కూడా చేతులు మారరాదు. గిరిజనేతరుడి దగ్గరున్న భూమి గిరిజనుడి నుంచి వచ్చిందనే ముందు అనుకోవాలి, కాదంటే రుజువు భారం అతడిదే. ఆ నిషేధం ప్రభుత్వానికీ తగులుతుందని 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అమలు సంగతి, బినామీల సంగతి అందరికీ తెలిసిందే. అయినా ఈ గుంజ పీకితే కప్పు ఎవరి నెత్తిన పడుతుంది? ఉపరితలం కూడా చరిత్ర మీద పనిచేస్తుందని 1890లో ఎంగెల్సు ఒక ఉత్తరంలో రాయవలసి వచ్చిందంటే, ఈ పొరపాటు మనతో మొదలైంది కాదు.

2014లో పోలవరం ముంపు కారణంగా కూనవరం, చింతూరు, వరరామచంద్రపురం, కుకునూరు, వేలేరుపాడు మొదలైన ఖమ్మం జిల్లా మండలాలను ఆంధ్రప్రదేశ్‌లో కలిపారు. ప్రాజెక్టుకు "జీవనాడి" అని పేరు. అదీ మన జాబితాలోకి రావలసిన మాటే. దిగువ రైతుకు నీటి అవసరం ఉందన్నది అబద్ధం కాదు, దాన్ని నేను తోసిపుచ్చను. కాని ముంపులోకి పోయేవాళ్లది త్యాగం అంటున్నారే, ఆ మాట దగ్గర నాకు పేచీ ఉంది. త్యాగమని చెప్పవలసినవాడు ఇచ్చినవాడు. తీసుకున్నవాడు ఆ పేరు పెట్టడమేమిటి?

ఆ విద్యార్థి తాతకు పునరావాస కాలనీలో ఇల్లు వచ్చింది. "దానికి పునాది ఉంది సార్" అన్నాడు మొన్న. పాత ఇల్లు విప్పి, గుంజలు ట్రాక్టరు మీద తెచ్చుకున్నారట. నిట్టాడును వెనక పశువుల పాకకు వేశారు.