శ్రుతియు భక్తియు

వాద్యమునం దాఱితేఱనివానికి సభలో గళమెత్తు నధికారము కలదా యను ప్రశ్నకు, కందిమల్లాయపల్లె మఠప్రాంగణమునను బనగానపల్లె ప్రాంతమునను పోతులూరి వీరబ్రహ్మముగారి తత్త్వములను ఏకతార మీటుచుఁ బాడు బైరాగు లెన్నఁడో ప్రత్యుత్తర మొసంగిరి. ఆ యొంటితంతి ఆధారశ్రుతిని మాత్రమే పలుకును. వ్రేళ్ల నేర్పుతో దానికిఁ బనిలేదు. (గిటారుపై మూఁడు కార్డులెఱిఁగి పాడు నేఁటి యువకుఁడు, ఆ లెక్కను, మహావిద్వాంసుఁడే!) కడపసీమలోని తాళ్లపాకయందుఁ బుట్టిన అన్నమాచార్యుని (1408–1503) సంకీర్తనములను మోయు తిరుమల రాగిరేకులు సైతము రాగనామమును దెలిపి స్వరలిపిని విడిచినవి, వరుసలు చాలవఱకు నశించినను పదము నిలిచి, భక్తులచేఁ బాడఁబడుచునే యున్నది. అంతమాత్రమున నైపుణ్యము వ్యర్థమని నేననఁజాలను. శ్రుతి తప్పిన తంతిని భక్తి సరిచేయదు. వైశాఖమాసపుటెండలో లోహపుఁదంతి సడలినపుడు, ఎంతటి తత్త్వవేత్త యైనను పాట నాపి బిరడను ద్రిప్పవలసినదే.